సరంగు గంగయ్య చెవులు

మా మేనల్లుడు ప్రకాశరావు పెరట్లో ఈతకొలను తవ్విస్తున్నప్పుడు ఊళ్ళో సగంమంది అది రొయ్యల చెరువే అనుకున్నారు. మిగిలిన సగంమంది, అంత బుల్లి చెరువులో ఏం పెంచుతాడు పాపం అని జాలిపడ్డారు. ఉప్పలగుప్తం నుంచి ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చి, రొయ్యపిల్లని ఎప్పుడు వదులుతున్నారండీ అని అడిగి, రొయ్యల మేత కేలండరు ఒకటి చేతిలో పెట్టి మరీ వెళ్ళాడు.

ఆ కొలను రొయ్యలకి కాదు, మా అక్క సూరమ్మ మోకాళ్ళకి. ప్రకాశరావు ఆవిడ కొడుకు. గుండెల లోతు నీళ్ళలో రోజూ నడిస్తే కీళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయని కాకినాడ డాక్టరు చెప్పాడు. కాలవలో దిగుదామా అంటే, ఎండాకాలం రాగానే కాలవలు కట్టేస్తారు. నీళ్ళున్నన్నాళ్ళూ గుర్రపుడెక్క. అందుకని బ్యాంకు ఉద్యోగం నుంచి దిగిపోగానే ప్రకాశరావు చేసిన మొదటి పని, కొబ్బరిచెట్ల మధ్య ఈ నీలం పలకల తొట్టి కట్టించడం. తల్లికి మొక్కు తీర్చుకున్నట్టు కట్టించాడు.

దాన్ని కనిపెట్టుకుని ఉండేది గంగయ్య. కొలను పక్కన రేకుల గది ఉంది. అందులో ఒక మోటారు, కడుపునిండా ఇసక పోసుకున్న బానలాంటి ఫిల్టరు ఉన్నాయి. కొలను గోడలో ఉన్న నోట్లోంచి మోటారు నీళ్ళు లాగి ఆ ఇసకలోంచి తోస్తుంది. మురికి ఇసకలో ఉండిపోతుంది, తేట నీళ్ళు తిరిగి కొలనులోకి వస్తాయి. రాలిన కొబ్బరిపూత, పిందెలు, అప్పుడప్పుడు దారి తప్పిన కప్ప మోటారులోకి పోకుండా దాని ముందు ఒక బుట్ట, బుట్ట మీద గాజులాంటి మూత. రోజూ ఆ మూత తీసి, బుట్ట కడిగి, మళ్ళీ బిగించడం గంగయ్య పూజ.

ఈ ఏడాది మామిడికాయలు ముదిరే రోజుల్లో మోటారుకి జబ్బు చేసింది. నీళ్ళు లాగడం తగ్గింది. ప్రెషరు మీటరులో ముల్లు మలేరియా వచ్చినవాడిలా వణికేది. కొలను ముందు మసకబారింది, తర్వాత పాకుడు రంగు ఎక్కింది. సూరమ్మ నీళ్ళలో దిగడం మానేసింది. మానేసిన వారానికే మంచం దిగడం కష్టమైంది.

గంగయ్య బేరింగులు మార్చాడు. ఫలితం లేదు. ఫిల్టరులో ఇసకంతా తోడి పారబోసి కొత్త ఇసక పోశాడు. లేదు. చివరికి ప్రకాశరావు పిలిచాడు. కోపం లేకుండానే చెప్పాడు, అదే ఎక్కువ బాధ.

"గంగయ్యగారూ, అమ్మ పరిస్థితి చూస్తున్నారు కదండీ. సోమవారం రాజమండ్రి నుంచి కంపెనీవాళ్ళు వస్తారు. ఇక మీదట వాళ్ళే చూసుకుంటారు."

"ఆయ్" అన్నాడు గంగయ్య. తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. అతని చేతికింద మిగిలిన ఆఖరి నీళ్ళు అవే.

ఆఖరి నీళ్ళు అని ఎందుకన్నానో తెలియాలంటే మొదటి నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

గంగయ్యది కాట్రేనికోన వైపు, పడవల కుటుంబం. మీసం రాకముందే మా రేవుకి వచ్చాడు. మీసం వచ్చేసరికి పంటు నడిపే సరంగు అయ్యాడు. వంతెన లేని రోజులు. జీపులు, గేదెలు, పెళ్ళివారు, పెళ్ళివారి బ్యాండు, అందరూ ఆ పంటు మీదే ఏరు దాటాలి. దాన్ని లాగే ఇంజను పడవకి గంగయ్య మహారాణి అని పేరు పెట్టుకున్నాడు. ఆ మహారాణి గంగయ్య మాట తప్ప ఎవరి మాటా వినేది కాదు. ఒకసారి ఏటి నడుమ మొరాయిస్తే గంగయ్య దాన్ని ఎలాంటి మాటలు తిట్టాడంటే, ఇంజను సిగ్గుపడి దానంతటదే అంటుకుంది. పంటు మీదున్న పాదిరిగారు దిగేటప్పుడు గంగయ్యని పక్కకి పిలిచి, "ఆ మాటలు ఇంకోసారి నెమ్మదిగా చెప్పు నాయనా, రేపు మాకు సంఘం కమిటీ మీటింగుంది" అన్నారు. ఇది అబద్ధమైతే నాకు అక్షరాలు నేర్పిన కాన్వెంటు సిస్టర్లు నన్ను మళ్ళీ మోకాళ్ళ మీద నిలబెట్టవచ్చు.

సరంగు గొప్పతనమంతా చెవుల్లో ఉండేది. గంగయ్య దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఉండేది, టేకు పిడిది. దాని మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకునేవాడు. డాక్టరు గుండె చూసినట్టే. "లోపల వాల్వు అలిగిందండీ" అనేవాడు. విప్పి చూస్తే వాల్వు నిజంగానే అలిగి ఉండేది. అవతలి ఒడ్డున ఎవరు తుమ్మారో చెప్పేవాడని అంటారు. అంత లేదు. మగవాళ్ళ తుమ్మైతే చెప్పేవాడు.

అయితే ఇంజను ఆడుతున్నప్పుడు పంటు మీద మనిషి మాట మనిషికి వినబడేది కాదు. అందుకని ముందు కొసన ఒక మనిషి గెడతో లోతు చూస్తూ నిలబడేవాడు. ఇసక మేట తగిలితే నోటితో చెప్పడు, చెయ్యి ఎత్తుతాడు. సరంగు కళ్ళు ఎప్పుడూ ఆ చేతి మీదే. ఎన్నో ఏళ్ళు ఆ ఏరు అలాగే దాటాం. వెనకనుంచి ఒకడు వినేవాడు, ముందునుంచి ఒకడు చెయ్యెత్తేవాడు.

మా అక్క అవతలి ఒడ్డు బళ్ళో టీచరు. పొద్దున్న మొదటి పంటుకి వెళ్ళి సాయంత్రం చీకటి పడకుండా తిరిగొచ్చేది. ఆవిడకి ఇంజను గురించి ఒక్క ముక్క తెలియదు కానీ ఒక్క చప్పుడు మాత్రం బాగా తెలుసు. ఏరు పాటు మీద ఉన్నప్పుడు నీళ్ళు తగ్గిపోయి, ఇంజనుని చల్లార్చే గొట్టం నీళ్ళతోబాటు గాలి కూడా పీల్చేది. ఖాళీ అయిపోయిన కొబ్బరిబొండంలో పిల్లలు స్ట్రా పెట్టి లాగినట్టు గుర్రు గుర్రుమనేది. ఆ చప్పుడు వచ్చిందంటే ఇంజను ఆగుతుంది, ఆగిందంటే బళ్ళో మొదటి గంట కొట్టేస్తారు, హెడ్మాస్టరుగారు వాచీ చూసుకుంటారు. అందుకని అక్క పంటు ఎక్కగానే గొడుగు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని ఆ చప్పుడు కోసమే వినేది. ప్రార్థన చేసుకుంటోందని జనం అనుకునేవారు. అదీ చేసుకునేదేమో.

వంతెన వచ్చింది. ప్రారంభం రోజున డప్పులూ మైకులూ పెట్టి జనమంతా వంతెన మీద నడిచారు. నేనూ నడిచాను, రెండుసార్లు. గంగయ్య ఆ రోజు కూడా మహారాణిని తుడిచి, పొద్దున్నే వేళకి పంటు విప్పాడు. ఎక్కింది ఒక్క సూరమ్మ టీచరే.

"వంతెన వేసేరు కదండీ, ఇటొచ్చేరేంటండీ?" అన్నాడు గంగయ్య.

"దాని మీద గాలెక్కువరా, చీర నిలవదు" అంది అక్క.

ఆ రోజు వంతెన మీద ఆకు కదల్లేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

పంటు పోయాక గంగయ్య ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులకి వెళ్ళాడు. అక్కడ చెరువు నిండా ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి, నీళ్ళు చిలికి గాలి కలపడానికి. గట్టు మీద నడుస్తూ, ఏది కుంటుతోందో చెవితోనే పట్టేసేవాడు. తర్వాత కొత్తపేట వైపు ఒకరిద్దరు డబ్బున్నవాళ్ళు ఇళ్ళల్లో ఈతకొలనులు కట్టించుకుంటే, మోటార్లు తెలిసినవాడు కదా అని గంగయ్యని పిలిచారు. మొదటి కొలను చూడగానే అతనికి దిగులు పుట్టింది. అడుగున పలకలు కనబడేంత తేట నీళ్ళు! రొయ్యలవాళ్ళ లెక్కలో అవి చచ్చిన నీళ్ళు. రొయ్యల చెరువుకి నీళ్ళు రంగు పట్టాలి, అందుకు తవుడూ బెల్లమూ నానబెట్టి చల్లుతారు. ఇంటాయన ఊళ్ళో లేని వారం చూసి, గంగయ్య ప్రేమకొద్దీ బిందెడు తవుడూ బెల్లం ఆ కొలనులో కలిపేశాడు. ఇంటాయన వచ్చేసరికి కొలను లేత వరిమడి రంగులో మెరుస్తోంది. ఆ నీళ్ళ వాసనకి ఉప్పలగుప్తం నుంచి రొయ్యలు రోడ్డు మీద వరసగా నడుచుకుంటూ వచ్చాయని నేను మనవలకి చెబుతుంటాను. వాళ్ళు నమ్మరు. ఇంటాయన పెట్టిన కేకలు మాత్రం నమ్ముతారు.

అలా తప్పులు చేస్తూనే గంగయ్య క్లోరినూ, ఇసక కడగడమూ నేర్చుకున్నాడు. మిగతా కొలనులవాళ్ళు ఒక్కొక్కరే కంపెనీలకి మళ్ళిపోయారు. ప్రకాశరావు మాత్రం, మా అమ్మని ఏరు దాటించినవాడు అని ఇతన్నే పెట్టుకున్నాడు. సోమవారం దాకా.

ఇప్పుడు శనివారం పొద్దుటికి వద్దాం. నన్ను కొలను దగ్గరికి తీసుకెళ్ళు అని అక్క పట్టుపట్టింది. నేనూ ఆవిడ కోడలూ చెరోవైపు పట్టుకుని తీసుకొచ్చి, కొబ్బరిచెట్టు నీడలో కుర్చీలో కూర్చోబెట్టాం. నేను పేపరు విప్పాను. గంగయ్య రేకుల గదిలో మోటారు వేసి, కొలనులోకి నీళ్ళు తిరిగొచ్చే గొట్టం దగ్గర కూర్చున్నాడు. నీళ్ళతోబాటు బుడగలు వస్తున్నాయి, గలగలా, ముత్యాల్లా.

"చూడండి మావయ్యగారూ, ఎన్ని బుడగలో" అన్నాడు. ఇంట్లోవాళ్ళు పిలిచినట్టే నన్ను అతనూ మావయ్యగారంటాడు. "నీళ్ళకి ప్రాణం ఉందండి. ఎక్కడ తేడా వస్తోందో తెలవట్లేదు గానండి."

రొయ్యలవాడికి బుడగ కనబడితే పండగే. నాకు బుడగల సంగతి తెలియదు, పేపరు తిప్పాను. మా బోటివాళ్ళకి మోటారంటే ఒకటే రొద.

అక్క కళ్ళు మూసుకుంది. కొంచెంసేపటికి నుదురు ముడిచింది.

"గంగయ్యా, పాటు వచ్చినట్టుందేంట్రా?"

గంగయ్య పలకలేదు. ఇంకోసారి పిలిచింది. వీపు కూడా కదల్లేదు. అక్క వంగలేదు కాబట్టి నన్ను అడిగి, కింద రాలిన కొబ్బరిపిందె ఒకటి తీసుకుంది. బళ్ళో సుద్దముక్కలు విసిరిన చెయ్యి. సూటిగా వెళ్ళి గంగయ్య భుజం మీద తగిలింది.

"ఆయ్ టీచరమ్మగారూ!" అని లేచాడు.

"మీ మహారాణి గాలి మింగినట్టే మింగుతోంది ఈ మోటారు. నేను వచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ గుర్రు గుర్రుమంటోంది. నీకు వినబడట్లేదూ?"

గంగయ్య గబగబా గదిలోకి వెళ్ళి, స్క్రూడ్రైవరు మోటారు మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. చెవి మార్చాడు. మళ్ళీ మార్చాడు. తర్వాత స్క్రూడ్రైవరు గోడకి ఆనించి, బయటికొచ్చి అక్క కుర్చీ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఏం వినబడట్లేదండి" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏరేటర్ల కాడే మొదలైందండి. కొంచెం కొంచెం పోతా వచ్చేయి. మహారాణి సగం తినేసింది, రొయ్యలు సగం తినేసేయండి. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి చెప్పేస్తానండి. మోటారుకి పెదాలుండవు కదండీ."

"మరి బేరింగులు ఎందుకు మార్చేవు?"

"ఏదో ఒకటి మార్చకపోతే బాగోదని మార్చేనండి." తల వంచుకున్నాడు. "మా ఇంటిది నూకాలు చెవి మిషను కొనిపించిందండి. మోటారు దగ్గరికొస్తే అది ఈల వేస్తాది. పొగాకు డబ్బాలో పెట్టేసేను. టీచరమ్మగారూ, ప్రకాశరావుగారికి చెప్పకండి. చెవుల్లేని సరంగుని ఎవరుంచుకుంటారండీ?"

నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. పేపరు తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది.

"నాకు నడక లేదు, నీకు వినికిడి లేదు" అంది అక్క. "ఇద్దరినీ కలిపితే ఒక మనిషి తేలతాడు. లే. గాలి ఎక్కడ మింగుతోందో ఎలా కనుక్కుంటారు?"

"నీళ్ళు పోస్తారండి. గొట్టం అతుకుల మీద ఒక్కో చోటే నీళ్ళు పోసుకుంటా వెళ్తే, కన్నం ఉన్నచోట గాలికి బదులు నీళ్ళు లోపలికెళ్ళి చప్పుడు ఆగుతాదండి. కానీ అది విని పట్టాలి కదండీ."

"నువ్వు పొయ్యి. నేను వింటాను. ఆగితే చెయ్యెత్తుతాను."

రేకుల గది తలుపు బార్లా తీశాం. అక్క కుర్చీ గుమ్మానికి ఎదురుగా జరిపాను. గంగయ్య బకెట్టూ చెంబూ తెచ్చుకున్నాడు. అక్క కళ్ళు మూసుకుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. గొడుగు ఒక్కటే తక్కువ.

గోడ దగ్గర అతుకు మీద పోశాడు. అక్క చెయ్యి కదల్లేదు. వాల్వు మీద పోశాడు. కదల్లేదు. మోటారు ముందున్న అతుకు మీద నెమ్మదిగా, అభిషేకం చేసినట్టు పోశాడు. లేదు. ప్రతిసారీ వెనక్కి తిరిగి ఆ చేతినే చూస్తున్నాడు. ఇక మిగిలింది బుట్ట మీద మూత. అది రోజూ తన చేత్తో తీసి తన చేత్తో బిగించే మూత. అక్కడ తప్పు ఉంటుందని అతనికి నమ్మకం లేదు. ఊరికే, వదిలేయకూడదని, దాని అంచు చుట్టూ చెంబెడు నీళ్ళు తిప్పాడు.

అక్క చెయ్యి లేచింది.

"ఆగింది! అదే, అక్కడే. మళ్ళీ పొయ్యి."

పోశాడు. ఈసారి నేనూ విన్నాను. గుర్రు ఆగి, నీళ్ళు అయిపోగానే మళ్ళీ మొదలైంది. గంగయ్య మోటారు కట్టేసి మూత తీశాడు. మూత కింద గాలి చొరకుండా ఒక రబ్బరు రింగు ఉంటుంది. అది చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. నాని ఉబ్బిన గారెలా ఉబ్బిపోయి, మూడు నాలుగు చోట్ల పగిలి ఉంది. నల్లటి గ్రీజు కారుతోంది.

"గ్రీజు ఎందుకు పూశావు దీనికి?" అన్నాను.

"రోజూ పూస్తానండి. ఇంజను గ్రీజు. మహారాణికి ఎంత పెడితే అంత హాయిగా ఆడేదండి."

ఇద్దరం ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళాం. పంపుల కొట్టు పాపారావు రింగు చూస్తూనే నెత్తి పట్టుకున్నాడు.

"తాతగారూ, రబ్బరుకి ఇంజను గ్రీజు పూస్తే ఉబ్బి చస్తాదని పోయినసారి ఎంత చెప్పేనండీ! సిలికాన్ గ్రీజు ఒక్కటే వాడాలని రెండుసార్లు చెప్పేను. మీరు రెండుసార్లూ ఆయ్ అన్నారు."

గంగయ్య నా వంక చూశాడు. నేను పాపారావు మాటలు అతని ముఖానికెదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి మళ్ళీ చెప్పాను. అన్నీ విని, "నేనే చంపేనన్నమాట దాన్ని" అన్నాడు. తిరుగు ఆటోలో కొత్త రింగు చేతికి గాజులా తొడుక్కుని, దారి పొడుగునా వంతెన వైపే చూస్తూ కూర్చున్నాడు.

రింగు వేశాడు. సరైన గ్రీజు వేలి కొసతో, పసిపిల్లకి కాటుక పెట్టినట్టు పెట్టాడు. బుట్ట నిండా నీళ్ళు పోసి మూత బిగించి మోటారు వేశాడు. వేసి మోటారుని చూడలేదు, మీటరుని చూడలేదు. వెనక్కి తిరిగి అక్కని చూశాడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఎంతసేపు చూసినా లేవలేదు. గొట్టం దగ్గర బుడగలు ఆగిపోయాయి. గంగయ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమటే అయి ఉంటుంది, ఎండగా ఉంది కదా.

సాయంత్రం ప్రకాశరావు బజారు నుంచి వచ్చేసరికి మీటరు ముల్లు కదలకుండా నిలబడి ఉంది. అక్క నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు. గంగయ్యే చెప్పేశాడు.

"మోటారు బాగయ్యిందండి. కానీ తప్పు నాదేనండి. నాకు చెవులు వినబడవు. మీరు కంపెనీవాళ్ళనే పెట్టుకోండి, ఆయ్."

ప్రకాశరావు బ్యాంకు మనిషి, ఇలాంటి దరఖాస్తు ఎప్పుడూ చూసి ఉండడు. "అది కాదండీ గంగయ్యగారూ, రేప్పొద్దున్న మళ్ళీ ఏదైనా చప్పుడు వస్తే..."

"నేను వింటాను" అంది అక్క.

"నువ్వా? అమ్మా, ఒక్క మోటారుకి ఇద్దరు మనుషులా?"

"పంటుకి మాత్రం ఒకడేనా ఉండేది? సరంగు ఒకడు, చెయ్యెత్తేవాడు ఒకడు. నిన్ను కడుపుతో మోస్తూ ఆ పంటు మీదే ఏరు దాటేను. మునిగామా?"

ప్రకాశరావు నా వైపు తిరిగాడు. "ఏం మావయ్యా?"

"మునగలేదురా. నువ్వున్నావు కదా" అన్నాను.

సోమవారం కంపెనీ కుర్రాడు వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్న మంచి కుర్రాడు. మోటారు చూసి, ఫిల్టరు చూసి, అన్నీ బాగున్నాయండి అని, రెండు బొండాలు తాగాడు. పాకుడు చావడానికి మందు ఎంత వెయ్యాలో చెప్పాడు. గంగయ్య అతని పెదాల వంక కన్నార్పకుండా చూసి, అర్థం కాని చోట "ఇంకోసారి చెప్పండి బాబూ" అని అడిగాడు. వినబడనప్పుడు ఆయ్ అనకుండా అతను అడగడం నేను చూసింది అదే మొదటిసారి. ఏడాదికోసారి వచ్చి చూసి వెళ్ళండి చాలు అని ప్రకాశరావు కుర్రాణ్ణి పంపేశాడు.

నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. ఇప్పుడు రోజూ పొద్దున్న అక్క నీళ్ళలో దిగి, గోడ పట్టుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడుస్తుంది. గంగయ్య రేకుల గది గుమ్మంలో కూర్చుంటాడు, కళ్ళు ఆవిడ చేతి మీద పెట్టుకుని. ఇద్దరికీ మాటలుండవు. పంటు మీదా ఉండేవి కావు. పొగాకు డబ్బాలోంచి చెవి మిషను బయటికొచ్చిందని, ఇంటి దగ్గర నూకాలమ్మ కబుర్లు వినడానికి పెట్టుకుంటున్నాడని తెలిసింది. పెట్టుకున్నాక ఆవిడ ఇన్నాళ్ళూ తనని ఏమంటోందో తెలిసి కొంచెం నొచ్చుకున్నాడట.

ఒక్కోరోజు కొలను మధ్యలో ఉండగా అక్క ఉన్నట్టుండి చెయ్యెత్తుతుంది. గంగయ్య చెంబు పట్టుకుని మోటారు దగ్గరికి పరిగెడతాడు. మూత చూస్తాడు, అతుకులు చూస్తాడు, బయటికొచ్చి ఆదుర్దాగా అడుగుతాడు.

"ఏంటండీ టీచరమ్మగారూ? గాలి మింగిందాండీ?"

అక్క అతనికి కనబడేట్టు తిరిగి, పెదాలు బాగా కదిపి చెబుతుంది.

"లేదులే. రేవు వచ్చిందేమోనని."